పందికి చలిమిడి

ఆశ్వయుజ బహుళ విదియ, సోమవారం

డాక్టరమ్మ గారూ, మీ ఒంట్లో ఎలా ఉంది? పోయినసారి చూసినప్పుడు మీ కళ్ళ కింద నల్లగా కనిపించింది. నిద్ర పడుతోందా? జంతువుల్ని తూచడానికి వచ్చే మీ ఏసుబాబు నడుం నొప్పి తగ్గిందా? రక్తం కడిగే గదిలో ఉండే పొడుగాటి నర్సమ్మ కొడుక్కి జ్వరమన్నారు, దిగిందా? కొండ మీదికీ కిందికీ తీగబండి తోలే ఆయన దగ్గు ఎలా ఉంది? దగ్గుతూ బ్రేకు మీద చెయ్యి తీసేస్తాడేమోనని దిగేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు.

మీరిచ్చిన పలక రోజూ పొద్దున్నే నన్ను అడుగుతుంది: రోగి ఎలా ఉంది, జంతువు ఎలా ఉంది, ఇంట్లో మిగిలినవాళ్ళు ఎలా ఉన్నారు అని. అడిగినవాళ్ళని తిరిగి అడగకపోతే ఏం మర్యాద? అందుకని ముందు మీ కులాసా అడిగాను.

ఇక నా సంగతి. కాళ్ళు నిన్నటిలాగే వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది, ఆ గుంట పూడడానికి చాలాసేపు పడుతోంది. ఇంట్లో మిగిలినవాళ్ళంటే మా ఆడపడుచు బుల్లెమ్మ ఒక్కతే. దానికేమీ లేదు, నోరు తప్ప. జంతువు బాగానే ఉంది. పొద్దున్న గంజి తిని, కిటికీ కింద పడుకుని, ఎవరూ బయట తిరగొద్దని ఎండ హారన్ కూసినప్పుడు చెవులు ఆడించింది.

నేను ఐదో తరగతి దాకా చదివాను. నా తప్పులు పలకే దిద్దుతుందన్నారు. దిద్దనివ్వండి. కానీ నేను అనని మాట అన్నట్టు రాస్తుందేమోనని నాకు భయం.

చవితి, బుధవారం

బుల్లెమ్మ మంచినీళ్ళు గటగటా చప్పుడు చేస్తూ తాగుతుంది. నాకు పూటకో చిన్న గ్లాసు కదా, అది కూడా చప్పరించుకుంటూ తాగాలి కదా, ఆ చప్పుడు వింటే నాలుక పిడచకట్టుకుపోతుంది. బయటికి వెళ్ళి తాగమన్నాను.

"ఎండలోకి ఎల్లి తాగమంటావా? మాడి మసైపోతాను. అయినా మా అన్నయ్య ఉండుంటే ఈ ఇంట్లో నేను నీళ్ళకి దొంగలా తిరిగేదాన్నా? పంది ఉండేదా నట్టింట్లో?" అంది.

ఎప్పుడూ ఇదే పాట. ఆయన పోయి ఎన్నాళ్ళో అయింది. ఉండుంటే పంది మాట ఎలా ఉన్నా, నన్ను మాత్రం బతికించుకోవాలనే చూసేవారు. కిడ్నీ మనిషికి దొరకని రోజుల్లో పంది ఒంట్లో పెంచుతామంటే కాదనేవారా? రోగి తినే కూడే అది తినాలి, రోగి పీల్చే గాలే అది పీల్చాలి, అప్పుడే రేపు నా ఒళ్ళు దాన్ని పరాయిదనుకోదు అని మీరు ఎంత నిదానంగా చెప్పారో! బుల్లెమ్మకి నేను అంత నిదానంగానే చెప్పాను.

"అదేదో ఆస్పత్రిలోనే పెట్టుకుని పెంచొచ్చుగా," అంది.

ఉప్పు లేని గంజి ఇద్దరం తింటున్నాం, నేనూ అదీ. దాని మొహం చూస్తే నాకంటే అదే సర్దుకుపోయినట్టుంది.

సప్తమి, శనివారం

ఏసుబాబు వచ్చి తూచాడు. నడుం నొప్పి తగ్గలేదట. దాన్ని తక్కెడ మీదికి ఎక్కించడానికి మేమిద్దరం వెనకనుంచి నెట్టాం, బుల్లెమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ముందునుంచి పిలిచింది. దాని పిలుపుకే ఎక్కింది. బుల్లెమ్మ ఒప్పుకోదు గానీ లోపల సంబరపడింది.

ఏసుబాబు గాజుముక్క లాంటిది దాని కుడి డొక్క మీద ఆనించి నన్ను రమ్మన్నాడు. "ఇదిగో చూడండి మామ్మ గారూ. దీనివి రెండూ దీనికే ఉన్నాయండి. ఈ మూడోది మీది. మా బాగా మోత్తందండి."

పెద్ద చిక్కుడుగింజ లాంటి నీడ కనబడింది, అదురుతోంది. చెయ్యి పెట్టమన్నాడు. వెచ్చగా ఉంది. నా ఒంట్లోది నా ఒంటి బయట అదురుతుంటే ఒళ్ళు జలదరించింది. అతను వెళ్ళాక బుల్లెమ్మతో అన్నాను, "మోస్తోందంటే ఇది కడుపుతో ఉన్నట్టేనే."

"ఓహో! అయితే సీమంతం చేసెయ్ మరి. నువ్వు తల్లివీ, నేను మేనత్తనీ. ఏమే మేనకోడలా, గాజులు ఏ సైజు?" అని దాని ముందరికాలు చూసి పడీపడీ నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వితే ఆయాసం వచ్చింది.

దశమి, మంగళవారం

పొద్దున్న రక్తం కడిగించుకోవడానికి తీగబండిలో మూడో మెట్టుకి దిగాను. కొండ మీద మేమున్న ఏడో మెట్టునుంచి కిందికి చూస్తే గాలి తేటగా ఉన్న రోజున సముద్రం కనిపిస్తుంది. ఆ సముద్రం కింద మా ఊళ్ళు. ఎక్కడ ఏ ఊరో తెలియదు, అంతా ఒకటే మెరుపు. పక్కన కూర్చున్నావిడ, "అటు చూడకండి, కళ్ళు తిరుగుతాయి," అంది. నాకు కళ్ళు తిరగడం అందుకు కాదు.

డాక్టరమ్మ గారూ, మీ పలక అడగని సంగతి ఒకటి రాస్తాను. అక్కర్లేదనుకుంటే తుడిపేయండి.

మా అమ్మాయి వరాలి అత్తారిది లంక ఊరు. ఏడో నెల వచ్చింది. మా ఇళ్ళల్లో కూతురికి ఏడో నెలలో తల్లి చలిమిడి చేసి పట్టుకెళ్ళాలి, కడుపు చలవ అని. తడిపిండి కొట్టి, పాకం పట్టి, కొబ్బరి ముక్కలు వేసి స్టీలు డబ్బాకి ఎత్తాను. రేవుకి వెళ్ళేసరికి పడవ ఆపేశారు. ఆ రోజుల్లో అమావాస్య అమావాస్యకీ నీళ్ళు పైకొచ్చి మళ్ళీ దిగిపోయేవి కదా, ఇవాళ కాకపోతే రేపు దిగుతాయిలే అన్నారు. ఆసారి దిగలేదు. నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని రేవులోనే కూర్చున్నాను. చలిమిడి గట్టిపడి రాయిలా అయిపోయింది. తర్వాత పెద్ద బోట్లు వచ్చి మమ్మల్ని ఈ కొండల మీదికి తెచ్చి మెట్లు మెట్లుగా పంచాయి. లంకలోంచి ఎవరొచ్చినా అడిగాను. ఏ మెట్టు మీదా వరాలు లేదు.

జంతువు బాగానే ఉంది. నా కాళ్ళు అలాగే ఉన్నాయి.

త్రయోదశి, శుక్రవారం

ఇవాళ చలిమిడి చేశాను.

బెల్లం దొరకడమే గగనం. ఐదో మెట్టు మీద ఒకావిడ తాటిబెల్లం దాచుకుందని బుల్లెమ్మకే తెలుసు. నా కోసమని చెప్పి తెమ్మన్నాను. "నీకు తీపి తినమన్నారా?" అంది. కొంచెం నాలుక తడుపుకుంటానన్నాను. తెచ్చింది. దారి పొడుగునా తిట్టుకుంటూనే తెచ్చి ఉంటుంది.

రాత్రే బియ్యం నానబోశాను. ఎండ హారన్ కూసి, తలుపులు బిగించి, ఊరంతా చప్పుడు లేకుండా పడుకున్నాక దంచాను. నాలుగు పోట్లు వేసి కూర్చోవడం, మళ్ళీ లేవడం. కిటికీ కింద అది తల ఎత్తి చూస్తోంది. పాకం వాసన వచ్చేసరికి లేచి నిలబడింది. బుల్లెమ్మ కూడా లేచి వచ్చింది.

"ఎవరికే వదినా ఇంత?"

నా చూపు ఎటు పోయిందో చూసి నెత్తి కొట్టుకుంది. "నీకు మతి పోయింది. ఏదో నవ్వులాటకి అంటే! పందికి పిండివంటా?"

"పందో ఏదో. నాది మోస్తోంది. ఉత్త గంజి పోసి ఊరుకుంటే ఎలా? మోసేదానికి ఒక ముద్ద చలవ చెయ్యొద్దా?"

ఇంకో మాట అనబోయి ఆగింది. వరాలు దానికి మేనకోడలు. ఆ రోజు రేవులో నా పక్కనే ఉంది.

పళ్ళెంలో పెట్టాను. రెండు కొబ్బరికాయలంత ఉంటుంది. నెయ్యి చుక్క కూడా వేశాను. దాని కాళ్ళకి పసుపు రాయాలనిపించింది గానీ బుల్లెమ్మ ఉంది కదా అని ఊరుకున్నాను. ఎంత ఇష్టంగా తిందో చెప్పలేను. పళ్ళెం అంతా నాకి, నా అరచెయ్యి నాకి, నా పాదాల మీద మూతి ఆనించి పడుకుంది. బుల్లెమ్మ గిన్నె గోడలకి అంటుకున్నది గీరి నోట్లో వేసుకుని, "పాకం కాస్త ముదిరింది," అంది.

ఆ సముద్రం ఇటు వచ్చిన తర్వాత ఇంత నెమ్మదిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

చతుర్దశి, శనివారం

అది తినడం లేదు. కడుపు ఉబ్బింది, తడితే డప్పులా మోగుతోంది. పళ్ళు నూరుతోంది. కళ్ళు మూసుకుపోతున్నాయి. మీ పలక అడుగుతోంది, ఏం పెట్టారు అని.

బుల్లెమ్మ పలక మీద చెయ్యి అడ్డం పెట్టింది. "రాయకు వదినా. గంజే పెట్టామని రాయి. నిజం రాత్తే నిన్ను ఆపరేషన్ వరసలోంచి తీసేత్తారు. దీన్ని పట్టుకుపోతారు. అప్పుడు నువ్వేటి చేత్తావు?"

ఆ మాట నిజమే. నేను భయస్థురాలిని, ఆ సంగతి మీకు తెలుసు. కానీ అబద్ధం రాస్తే గంజికి మందు ఇస్తారు, చలిమిడికి ఇవ్వరు. అది చచ్చిపోతుంది.

చలిమిడి పెట్టాను. తడిపిండి, తాటిబెల్లం, నెయ్యి, కొబ్బరి. నిన్న మధ్యాహ్నం. త్వరగా రండి.

అమావాస్య, ఆదివారం

దీపావళి పూట మిమ్మల్ని ఇంత దూరం రప్పించినందుకు క్షమించండి. మీరు వెళ్ళాక రాస్తున్నాను.

మీరు గొట్టం వేసి దాని కడుపులో గాలి తీసినంతసేపూ నేను దాని చెవి పట్టుకునే ఉన్నాను. చేతులు కడుక్కుని అడిగారు, "ఎందుకు పెట్టారమ్మా? గంజి తప్ప ఇంకేమీ వద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"కడుపుతో ఉంది కదండీ," అన్నాను.

"ఎవరు చెప్పారు కడుపుతో ఉందని?"

ఏసుబాబు గోడకేసి తిరిగాడు. పాపం, అతని తప్పేమీ లేదు. అతను మోస్తోందనే అన్నాడు. మిగిలింది నేను కలుపుకున్నాను.

మీరు నవ్వలేదు, కోప్పడలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. ఉబ్బిన కడుపు లోపలి కిడ్నీని నొక్కేసిందని, అది తేరుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేమని, ఆపరేషన్ వాయిదా వెయ్యక తప్పదని చెప్పారు. "ఇది పోతే మళ్ళీ మొదటినుంచీ పెంచాలి. అంతకాలం మీ ఒళ్ళు ఆగదు నూకరత్నమ్మ గారూ. దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు," అన్నారు. మీరు దాచనందుకు సంతోషం. నేనూ దాచలేదు.

గుమ్మంలో ఒకటే దీపం పెట్టాం. అది కొండెక్కకుండా బుల్లెమ్మ చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.

కార్తీక శుద్ధ విదియ, మంగళవారం

ఇంకా తినలేదు. నాకు రక్తం కడగడం ఒకసారి ఎక్కువ చేశారు. ఇంటికి రాగానే దాని పక్కనే గోనె పరుచుకుని పడుకున్నాను. అది ఆయాసపడుతోంది, నేనూ ఆయాసపడుతున్నాను. ఎవరి ఊపిరి ఎవరిదో తెలియకుండా ఉంది.

మా చిన్నప్పుడు కార్తీకంలో తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుని పళ్ళు కటకటలాడించుకుంటూ వచ్చేవాళ్ళం. ఇప్పుడు కార్తీకంలో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మందు ఇచ్చిన జంతువుకి నీళ్ళు ఎక్కువ తాగించమన్నారు కదా, దాని వాటా ఎక్కడ సరిపోతుంది? నా చిన్న గ్లాసు దానికి పోశాను.

అది చూసి బుల్లెమ్మ తన చెంబు తెచ్చి నా ముందు ఠంగుమని పెట్టింది. "నీది నువ్వు తాగి చావు. దానికి నాది పొయ్యి."

"మరి నువ్వు?"

"నేను చప్పుడు చెయ్యకుండా తాగుతాలే."

చవితి, గురువారం

కళ్ళు మూసుకుని పడుకున్నాను గానీ నిద్ర పోలేదు. బుల్లెమ్మ దాని దగ్గర గొంతుక్కూర్చుంది. ముక్కుకి కొంగు లేదు. దోసిట్లో గంజి పట్టుకుంది.

"తాగవే తల్లీ. మీ అమ్మ చేసింది తిన్నావు గానీ మేనత్త పోత్తే తాగవా? తాగు. రొంత తాగు. అదిగో. అదిగో నా బంగారు."

అది తాగింది. తాగిన చప్పుడు విన్నాను. మంచినీళ్ళు తాగేటప్పుడు బుల్లెమ్మ చేసే చప్పుడు లాంటిదే. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. బుల్లెమ్మకి తెలిసే ఉంటుంది.

త్రయోదశి, శనివారం

ఇన్ని రోజులూ జంతువు తింటోంది, తిరుగుతోంది అని తప్ప ఏమీ రాయలేదు. రాస్తే దిష్టి తగులుతుందేమోనని భయం.

ఏసుబాబు గాజుముక్క ఆనించి చాలాసేపు చూశాడు. "ఏమీ అవ్వలేదండి. బెమ్మాండంగా ఉందండి మామ్మ గారూ, మీ కిడ్నీ. డాక్టరమ్మ గారు తారీఖు కూడా వేసేశారండి," అన్నాడు.

బుల్లెమ్మ చేతులెత్తి ఏడు మెట్లకీ దణ్ణం పెట్టింది. నేను అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మూడోదే కదా నాది. దాని రెండూ దానికి ఉంటాయి కదా. తీసేశాక ఇంటికి పంపిస్తారా బాబూ? నేనే చూసుకుంటాను."

అతను తక్కెడ మడతపెడుతూ తల ఎత్తలేదు. "నడుం దగ్గర పెద్ద నరానికి అంటుకుని పెరిగిందండి మామ్మ గారూ. అది తీత్తే మరింక... లెగదండి అది."

నాకు తెలుసు. మొదట్లోనే మీరు చెప్పారు, నేను సంతకం కూడా పెట్టాను. అప్పుడు అది ఒక పంది.

అతను వెళ్ళాక బుల్లెమ్మతో, నాకు ఆపరేషన్ వద్దే అన్నాను. ఎంత బతికాను, ఇంకెంత బతకాలి, దాన్ని ఉండనిస్తే ఏం పోతుంది అన్నాను.

బుల్లెమ్మ మెల్లిగానే మొదలుపెట్టింది. "నువ్వు వద్దంటే దాన్నేమీ నీకు వదిలెయ్యరు వదినా. పట్టుకుపోతారు. నీదీ పోద్ది, దానిదీ పోద్ది." తర్వాత గొంతు పెరిగింది. "మా అన్నయ్య ఎల్లిపోయాడు. వరాలు ఎల్లిపోయింది. ఇప్పుడు నువ్వూ ఎల్లిపోతే పొద్దున్న లేచి నేనెవర్ని తిట్టుకోవాలే? గోడనా? నోరు మూసుకుని ఎల్లి ఆపరేషన్ చేయించుకో."

అని బయట ఎండ ఉండగానే తలుపు తీసుకుని అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. మాడి మసైపోతావు, లోపలికి రా అని పిలిచాను. చాలాసేపటికి గానీ రాలేదు.

పౌర్ణమి, సోమవారం

డాక్టరమ్మ గారూ, మీరు పలకలో పంపిన సూచనలు బుల్లెమ్మ పైకి చదివింది, నేను విన్నాను. దాన్ని ముందు బండిలో, నన్ను వెనక బండిలో దింపుతారు. ఒకే బండిలో రానిస్తారేమో చూడండి. తీగ మీద ఊగితే అది బెదురుతుంది. నేనూ బెదురుతాను. ఇద్దరం కలిసి బెదిరితే కాస్త నయం.

ముందు రోజు చీకటి పడ్డాక ఇద్దరికీ ఏమీ పెట్టకూడదని రాశారు. గంజి కూడా వద్దన్నారు. ఈ ఒక్కటీ నాకు మింగుడు పడలేదు. మోసేదాన్ని ఖాళీ కడుపుతో గడప దాటించడం మా ఇళ్ళల్లో లేదు. రేవు దాకా వెళ్ళి కూడా ఒకదానికి పెట్టలేకపోయాను. దీనికి పెట్టానో లేదో, పెట్టిందే విషమైంది. ఇప్పుడు ఆకలితో పంపాలి. కానీ మీ మాట తప్పను. ఒకసారి తప్పి చూశాను కదా.

బుధవారం ఎండ దిగగానే పొయ్యి వెలిగిస్తాను. చీకటి పడేలోపు ఉప్పులేని గంజి చల్లార్చి, దానికి పోసి, నేనూ పోసుకుంటాను. అది నెమ్మదిగా తింటుంది, అందుకని పెందలాడే పెట్టాలి. బుల్లెమ్మ దాని కాళ్ళకి పసుపు రాస్తానంది. నేను అడగలేదు, తనే అంది. పసుపు వల్ల మీ పనికి ఏమైనా ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి, కడిగేస్తాం. తాడు తేవద్దని ఏసుబాబుకి చెప్పండి. బుల్లెమ్మ పిలిస్తే బండి ఎక్కుతుంది.

నా కాళ్ళు అలాగే ఉన్నాయి. బుల్లెమ్మ బాగానే ఉంది. అది కూడా చాలా బాగా ఉంది, ఇప్పుడు నా పాదాల మీద మూతి పెట్టుకుని నిద్రపోతోంది.

మీరు వస్తామన్నది గురువారం, కార్తీక బహుళ తదియ, పొద్దున్న ఎండ హారన్ కూయకముందు. తలుపు తీసే ఉంచుతాం.